గేటు పలక మీది అంకె

రైల్వేలో వర్క్స్ ఇన్‌స్పెక్టరుగా చేరబోయే యువకులకు ముందుగా ఒక మాట. ఈ ఉద్యోగంలో మీ పేరు చెక్కిన శిలాఫలకం ఎక్కడా ఉండదు. క్వార్టర్ల పెంకులు, మురుగు కాలువలు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, నేలలో పాతిన పైపులు: మీ ఏలుబడి అంతవరకే. నీళ్లు వస్తున్నంత కాలం మీరొకరు ఉన్నారని ఎవరికీ తెలియదు. ఒక్క పూట ఆగితే మీ ఇంటిపేరుతో సహా అందరికీ తెలుస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో 1979 నుంచి పదవీ విరమణ దాకా నేను చేసిన పని ఇదే. పదోన్నతుల సంగతి ఇక్కడ రాయను. వాటి వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు.

నేను అంకెలను నమ్మే మనిషిని. కొలిచినదాన్ని కొలిచానని, చూసినదాన్ని చూశానని, విన్నదాన్ని విన్నానని వేరువేరుగా చెప్పడం నా అలవాటు. అంత జాగ్రత్త పాటించే నన్ను 1988 వేసవిలో ఒక అంకె నివ్వెరపరిచింది. ఆ అంకె తప్పు కాదు. తప్పయి ఉంటే సరిచేసి ఊరుకునేవాణ్ని. ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు.

చివరి కుళాయి

నాకు పని నేర్పినవారు విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక పాత ఇన్‌స్పెక్టరు. ఆయన కోపిష్ఠి, అబద్ధం చెప్పలేని మనిషి. చేరిన కొత్తలో, ఒక వరుస క్వార్టర్లకు నీళ్లు అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. నేను ట్యాంకు ఎక్కి చూసి, నిండుగా ఉందని రిపోర్టు రాసి ఇచ్చాను. ఆయన ఆ కాగితం నాకే తిరిగి ఇచ్చేశారు.

"ట్యాంకు కాడ నిలబడి నీళ్లున్నాయనడానికి ఇన్‌స్పెక్టరెందుకయ్యా? కాకి సెప్తాది. లైనాఖరి కుళాయి కాడికెల్లు. ఆడ బకెట్టు నిండితే అప్పుడు రాయి."

ఆనాటి నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా ముందుగా లైను చివరి కుళాయి దగ్గరికి వెళ్లడం నాకు నియమమైంది. పైపు ఎక్కడ పగిలినా, ఎవరు దొంగచాటుగా కలుపుకున్నా, ఆ నష్టం చివరి కుళాయి దగ్గర తేలుతుంది. కొత్తవారు ఈ వృత్తిలో ఇంకేమీ నేర్చుకోకపోయినా ఇదొక్కటి నేర్చుకోవాలి. ఇది పైపులకే వర్తిస్తుందని మాత్రం నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

దయాల్‌బంద్‌లో ఒక పలక

అప్పలస్వామి నాయుడు గారిని బిలాస్‌పూర్ తెలుగువారిలో ఎరుగనివారు లేరు. ఆయన తండ్రి రైల్వే ఫిట్టరు. కొడుకు బియ్యం వ్యాపారంలో దిగి, వ్యాపార్ విహార్‌లో గోదాములు, దయాల్‌బంద్‌లో రెండంతస్తుల మేడ సంపాదించారు. యాభై దాటాక ఆయనకు అర్పా నది మీద బెంగ పట్టుకుంది. వేసవి వచ్చేసరికి నది ఇసుక మేటగా మిగిలిపోవడం ఆయనను నిజంగా బాధించేది. మిత్రులను కూడగట్టి ఒక జలరక్షణ సమితి పెట్టారు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో ఆయన ఉపన్యాసం నేను విన్నాను. "మీ ఇంటి నీళ్లు కొలవండి. ఆ అంకె మీ గేటుకు తగిలించండి. చట్టాలూ జరిమానాలూ అక్కరలేదు, మన సిగ్గే మనకు చాలు" అన్నారు. చెప్పి ఊరుకోలేదు. తన బావి మోటారు గొట్టానికి మీటరు పెట్టించి, గేటుకు ఒక నల్ల పలక కట్టించారు. నిన్నటి వాడకం ఎన్ని లీటర్లో రోజూ ఉదయం స్వయంగా రాసేవారు. పైన హిందీలో రాసి, కింద తెలుగులో రాసేవారు. ఆ వీధిలో తెలుగు చదవగలవాళ్లు నలుగురైదుగురే అయినా ఆ రెండో వరుస మానలేదు. అయిదుగురున్న ఆ ఇంటి అంకె రెండు వందల ముప్పైకి అటూ ఇటూగా ఉండేది. నా క్వార్టరులో నలుగురికి అంతకు మూడు రెట్లు ఖర్చయ్యేది.

సమితిలోని మరికొన్ని సంపన్న గృహాలకూ పలకలు వెలిశాయి. పక్కింటి వకీలు గారు రంగుల అంచుతో చేయించుకున్నారు.

మా అసిస్టెంట్ ఇంజనీరు దూబే సాహెబ్ ఇదంతా నమ్మలేదు. "అచ్ఛా? డబ్బున్నవాడి త్యాగం గేటు దాకానే ఉంటుందయ్యా. లోపలికి వెళ్లి చూడండి, పచ్చిక కనిపించకపోతే నన్నడగండి" అన్నారు. నిజం చెప్పాలంటే నా అనుమానమూ అదే.

నేను అడగకముందే నాయుడు గారు పిలిచారు. "మీటరు సరిగ్గా ఉందో లేదో మీ చేత్తో చూసి చెప్పండి. ఊళ్లో నా మీద నవ్వుతున్నారట." నేను కొలత తెలిసిన క్యాను పట్టుకెళ్లి పది సార్లు నింపి మీటరుతో సరిపోల్చాను. తేడా లేదు. మీటరు దాటి వెళ్లే మరో గొట్టం ఉందేమోనని బావి చుట్టూ తిరిగాను. లేదు. పచ్చిక అసలే లేదు. పెరడంతా వేపచెట్టు నీడలో ఎండిన నేల. ఒక మూల మాత్రం వంటింటి నీళ్లు మళ్లించిన అరటి మొక్క.

నాయుడు గారి భార్య సుభద్రమ్మ గారు నాకు సగం గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చారు.

"మొహమాటపడకండి బాబూ. సగం తాగి వొదిలేస్తారని ఈ ఇంట్లో సగమే ఇవ్వాలి. కావాలంటే ఇంకో సగం ఇస్తాను. మొన్న మా అక్కొచ్చి రెండు చెంబులెక్కువ పోసుకుంది. ఈయన ఆ పలక ముందర ముఖం మాడ్చుకుని కూచున్నారు."

"అంకె పెరిగిందే. ముఖం దానంతటదే మాడింది" అన్నారు నాయుడు గారు.

నేను ఆశ్చర్యంతో బయటికి వచ్చాను. ధనవంతుడు తాను చెప్పినట్టే బతకడం అప్పటికి నేను చూడలేదు. దూబే సాహెబ్‌కు ఆ మాటే చెప్పాను. ఆయన నన్ను కూడా అనుమానంగా చూశారు.

ఖలాసీ లైను

ఆ వేసవిలోనే సమితి నుంచి మా కార్యాలయానికి ఒక వినతిపత్రం వచ్చింది. కాలనీ చివర, రైల్వేలో బరువు పనులు చేసే ఖలాసీలు ఉండే లైనులో, ఒక ఉమ్మడి కుళాయి ఉంది. ఇళ్లలో కుళాయిలు లేని పద్దెనిమిది కుటుంబాలకు అదే ఆధారం. అక్కడ నీళ్లు వృథాగా పారుతున్నాయని, నది అడుగున తోడిన నీటిని రైల్వే ఇలా మట్టిపాలు చేయడం అన్యాయమని అందులో రాశారు. కింద నాయుడు గారి సంతకం ఉంది.

కొలవమని దూబే సాహెబ్ ఆదేశించారు. ఆ గొట్టానికి మీటరు పెట్టి వారం పాటు చూశాను. సగటున రోజుకు పదహారు వేల లీటర్లు తేలింది. ఒక్కో కుటుంబానికి నాయుడు గారి మేడ వాడకానికి దాదాపు నాలుగు రెట్లు! బీదవారు ఇంత దుబారా చేస్తారా అని నేను విస్తుపోయాను. రెండోసారి కొలిచాను. అంతే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు ఇచ్చాను. వచ్చే సోమవారం నుంచి ఆ కుళాయి ఉదయం గంట, సాయంత్రం గంట మాత్రమే వదలాలని ఆదేశం తయారైంది.

ఆదేశం అమలుకు ముందు ఆ కుళాయిని ఒకసారి కళ్లారా చూడాలని నాయుడు గారు అడిగితే, నేనే తీసుకువెళ్లాను.

కుళాయి పక్కన నాలుగు బండరాళ్లు, వాటి మీద నలుగురైదుగురు ఆడవాళ్లు. మా కాలనీలో అందరికీ తెలిసిన పైడమ్మ బట్టలు బాదుతోంది. ఆమెది బట్టలుతికే కుటుంబం. భర్త గురువులు ఇస్త్రీ చేస్తాడు. వెనుక మైదానం నిండా తాళ్లు కట్టి ఆరేసిన బట్టలు. ఖలాసీల ఇళ్లలో అన్ని తెల్ల పంచెలు, అన్ని పెద్ద దుప్పట్లు, కిటికీ తెరలు ఎక్కడివి? ఆ ప్రశ్న నాకు అప్పుడే తట్టింది. కొలిచిన వారంలో రోజూ ఉదయం మీటరు చదవడానికే వచ్చి, చదివి వెళ్లిపోయాను.

పైడమ్మ మమ్మల్ని చూసి గబగబా లేచింది.

"అయ్యో, నాయుడు బావూ, ఏటి ఇలగొచ్చీసినారు! కబురెట్టుంటే సాయంత్రానికల్లా ఇస్త్రీ సేసి నేనే తెచ్చీదాన్ని కదా. అదిగో, మీ పంచెలే ఆరతన్నాయి."

"నావా?" అన్నారు నాయుడు గారు.

"మీవి కాపోతే ఎవులివి? మూడు సుక్కలుంటే మీయి. అడ్డగీతుంటే వకీలు గోరివి."

మా ప్రాంతపు ఆచారం తెలియనివారి కోసం చెబుతాను. బట్టలు కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉంటుంది. ఉతికేవారు జీడిగింజ రసంతో దాన్ని బట్ట మూలన పెడతారు. అది ఎన్ని ఉతుకులకూ పోదు. నాయుడు గారు తాడు దగ్గరికి వెళ్లి పంచె అంచు తిప్పారు. మూడు చుక్కలు. పక్కది తిప్పారు. మూడు చుక్కలు. దుప్పటి మీద అడ్డగీత. ఆ తర్వాత ఒక్కో అంచూ తిప్పుకుంటూ తాడు చివరిదాకా నడిచారు. గేట్లకు పలకలున్న ఇళ్లన్నీ ఆ తాడు మీద ఉన్నాయి.

"ఇంతకు మునుపు అర్పాలో ఉతికేవాళ్లు కదా?" అన్నారు చివరికి.

"ఏరెక్కడుంది బావూ? ఇసకలో ఉతకమంటారేటి?" అని నవ్వింది పైడమ్మ. "మరి ఈ కుళాయి కట్టేస్తారంటన్నారు. అలగైతే మీ పంచెలు మురికిగానే కట్టుకోవాల. ముందే సెప్తన్నాను."

తిరిగి వచ్చేటప్పుడు నేను ఆ రెండు అంకెలనే లెక్కేసుకుంటూ నడిచాను. నాయుడు గారి మీటరు అబద్ధమాడలేదు. దాన్ని పరీక్షించింది నేను. కుళాయి మీటరూ అబద్ధమాడలేదు; దాన్ని పెట్టింది నేను. రెండు నిజాలు కలిసి ఒక పచ్చి అబద్ధాన్ని నిలబెట్టాయి. దాని ఆధారంగా పద్దెనిమిది కుటుంబాల నీళ్లు ఆగబోతున్నాయి. నా ఉద్యోగ జీవితంలో ఇంతకు మించి నిర్ఘాంతపోయిన రోజు లేదు.

మర్నాడు ఉదయం దయాల్‌బంద్ గేటు పలక ఖాళీగా ఉంది.

ఆగిపోయిన మూటలు

ఆదేశాన్ని ఆపమని దూబే సాహెబ్‌ను అడిగాను. "మీటరు మీదే, అంకె మీదే. ఇప్పుడు ఏడుపు కూడా మీదేనా?" అన్నారు ఆయన. నేను చూసింది వివరించాక మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "అచ్ఛా..." అని ఆ కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నారు. "రెండు వారాలు ఆపుతాను. అప్పటికి కుళాయి అంకె తగ్గాలి. పదహారు వేలు అని ఉన్న కాగితం కింద, ఫరవాలేదు, వదిలేయండి అని నేను రాయలేను" అన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని.

నాలుగు రోజుల తర్వాత పైడమ్మ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని కనిపించింది.

"ఇనిస్పెట్టరు బావూ, నీల్లు ఆపేస్తారని బెదిరితే, నీల్లున్నాయి గాని మూటలాగిపోనాయి! నాయుడు బావు తన బట్టలు తనే ఉతుక్కుంటారంట. ఆయన్ని సూసి వకీలు గోరు, ఆ ఈధిలో అందరూ అంతే. నేనేటి పాపం సేసినాను? దొంగతనం సేసినానా, సొక్కా సింపీసినానా?"

నాయుడు గారు తప్పు దిద్దుకోవాలనుకున్నారు. సమావేశం పెట్టి, ఇకపై సభ్యులెవరూ బట్టలు బయటికి వేయరాదని తీర్మానం చేశారు. చప్పట్లు కూడా మోగాయట. నది పేరుతో మొదట ఆమె నీళ్ల మీదికి వెళ్లారు, ఇప్పుడు నిజాయితీ పేరుతో ఆమె కూటి మీదికి వెళ్లారు. మంచి మనిషి ఒకే ఇంటిని రెండుసార్లు ఇలా దెబ్బతీయగలడని నేను ఊహించలేదు.

ఆమె వెంట దయాల్‌బంద్ వెళ్లాను. పెరట్లో నాయుడు గారు పంచె పైకి దోపి, బకెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. చేతి కణుపులు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. పైడమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు చూసింది.

"బావూ, దాన్ని ఉతకడమనరు. నీల్లలో ముంచి బెదిరించడమంటారు."

సుభద్రమ్మ గారు వంటింటి గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వకే" అన్నారు నాయుడు గారు. తర్వాత పైడమ్మతో, "నా నీళ్లు నేనే లెక్క చెప్పుకోవాలని తప్ప, నీ మీద కోపం కాదమ్మా" అన్నారు.

"మీ లెక్కలు మీకాడ పెట్టుకోండి. నా మూటలు నాకిచ్చీండి."

"ఇస్తే నువ్వు మళ్లీ ఆ కుళాయి దగ్గరే ఉతుకుతావు. రెండు వారాల్లో దాన్ని కట్టేస్తారు."

అప్పుడు సుభద్రమ్మ గారు గుమ్మం దిగి వచ్చారు. "ఏటండీ ఈ గొడవ? బావి మనదే, బట్టలూ మనవే. ఆ ఉతికే రాయేదో మన పెరట్లోనే వేయించీరాదా?"

నాయుడు గారు సబ్బు చేతులు పంచెకు తుడుచుకున్నారు. అప్పుడు ఆయన నోట వచ్చిన మాట నాకు ఈనాటికీ జ్ఞాపకం.

"మరి పలక మీద ఏం రాయను?"

హాస్యానికి అన్న మాట కాదది. ఆ నెలాఖరున, అప్పటి మా రాష్ట్ర రాజధాని భోపాల్ నుంచి ప్రభుత్వ పెద్దలు ఆయన ఇల్లు చూడటానికి వస్తున్నారు. పలకల పద్ధతిని ఊరూరా పెట్టించే పని ఆయనకే అప్పగిస్తారని అందరూ అనుకుంటున్నారు. ఆయన మూడేళ్ల శ్రమంతా ఆ రెండు వందల ముప్పై మీద నిలబడి ఉంది.

"ఉన్నది రాయండి" అన్నారు సుభద్రమ్మ గారు.

రాయి

వారంలోగా పెరట్లో రాయి పడింది. పక్కన రెండు తొట్లు కట్టించారు. జాడించిన నీళ్లు తర్వాతి బట్టలు నానబెట్టడానికి పనికొచ్చేలా ఏటవాలు పెట్టించింది నేను. దాని వల్ల కొంత ఆదా అయింది. ఎంతో నేను కొలవలేదు, కాబట్టి చెప్పను. గోడ మీద నుంచి గోడ మీదికి తాళ్లు కట్టారు. వేపచెట్టు కింద గురువులు ఇస్త్రీ బల్ల వేసుకున్నాడు.

మిగతా సభ్యుల చేతి కణుపులు కూడా ఒరుసుకుపోయినట్టున్నాయి. పది రోజులు తిరక్కుండానే వాళ్ల మూటలన్నీ ఒక్కొక్కటిగా పైడమ్మ దగ్గరికి తిరిగి వచ్చాయి. తీర్మానం గురించి ఎవరూ ఎత్తలేదు. ఆమె అన్నిటినీ నాయుడు గారి రాతి మీదే ఉతికింది.

ఖలాసీ లైను కుళాయి మీటరు ఆరు వేల లోపుకు దిగింది. దూబే సాహెబ్ ఆ అంకె చూసి ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. పద్దెనిమిది కుటుంబాలకు ఏమీ జరగనట్టే గడిచిపోయింది. వృత్తిరీత్యా ఒక మాట చెప్పి తీరాలి: దీనివల్ల భూమిలో నీళ్లు పెద్దగా మిగిలింది లేదు. వాటి చిరునామా మారింది, అంతే.

దయాల్‌బంద్ పలక మీద మాత్రం మళ్లీ సుద్ద పడింది. నేను చూసిన మొదటి రోజు అంకె తొమ్మిది వేల ఎనిమిది వందలు. పైన హిందీలో, కింద తెలుగులో.

భోపాల్ పెద్దలు వచ్చిన ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. కారు దిగి, పలక చదివి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సున్న ఎక్కువ పడిందేమో?" అని ఒకాయన మర్యాదగానే అడిగారు. "లేదండీ, సరిగ్గానే ఉంది. లోపలికి రండి, చూపిస్తాను" అన్నారు నాయుడు గారు. వాళ్లు వాకిట్లో నిలబడి, లోపల పడుతున్న ఉతుకు దెబ్బలు విని, సగం గ్లాసు నీళ్లు తాగి, పక్కనున్న వకీలు గారి ఇంటికి వెళ్లారు. అక్కడి పలక మీద నూట తొంభై ఉంది. దాని పక్కన ఫొటో తీయించుకున్నారు. ఫొటోలో వకీలు గారు తొడుక్కున్న తెల్లచొక్కా ముందురోజు నాయుడు గారి పెరట్లో ఆరింది. తాడు మీద నేను చూశాను.

తర్వాతి సమావేశంలో నాయుడు గారి స్థానంలో వకీలు గారిని సమితికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. వకీలు గారు దుర్మార్గుడు కాదు. ఆయన పలక మీది నూట తొంభై కూడా నిజమే. నన్ను కలవరపరిచింది అదే. చెప్పేదొకటి, చేసేదొకటి అయిన ధనవంతులను పట్టుకోవడం కష్టం కాదు. ఒక పూట లోపలికి వెళితే పచ్చిక కనిపిస్తుంది. చెప్పినట్టే చేస్తున్నామని మనసారా నమ్ముతూ, గోడకు అవతల తమ కోసం ఖర్చయ్యేదాన్ని ఎన్నడూ చూడనివారి సంగతి వేరు. నేను చూసిన పలకల ఇళ్లలో ఎక్కువ అలాంటివారివే.

రెండో మీటరు

ఆ ఎన్నిక నాకు నిద్ర పట్టనివ్వలేదు. అంకెను అన్యాయంగా వాడటం చూసి సహించలేను. పరిష్కారం కూడా చిన్నదే. రాతికి వెళ్లే గొట్టానికి వేరే మీటరు పెడితే చాలు; ఉతుకు నీళ్లు విడిగా తేలతాయి, నాయుడు గారి ఇంటి వాడకం మళ్లీ రెండు వందల ముప్పైగా పలక మీద కనబడుతుంది. ఒక పాత మీటరు బాగుచేయించి సంచిలో పెట్టుకుని దయాల్‌బంద్ వెళ్లాను.

ఆయన గేటు దగ్గర సుద్దతో రాస్తున్నారు. సంగతంతా చెప్పాను. మీటరు చేతిలోకి తీసుకుని, అద్దం తుడిచి, తిప్పి చూశారు. ఆశపడ్డారని నేను అనుకుంటున్నాను. అది కొలిచిన విషయం కాదు. తర్వాత దాన్ని జాగ్రత్తగా నా సంచిలోనే పెట్టారు.

"వద్దండీ."

"నిజమే కదండీ బయటపడేది?" అన్నాను.

లోపల పైడమ్మ ఎవరినో కేకలేస్తోంది. "గుంటా, ఆ దుప్పటి కిందేసినావంటే తోలు తీస్తాను! వకీలు గోరిదది!"

నాయుడు గారు నవ్వి, సుద్దముక్క జేబులో వేసుకున్నారు.

"రెండు మీటర్లుంటే జనం మొదటిదే చదువుతారు, ఇనస్పెక్టరు గారూ. నేనూ మూడేళ్లు అదే చదివాను."